వైబ్రేషన్ సెన్సర్‌కు సిగ్నల్ కండిషనర్: కట్టడం, సరిచూడడం, తప్పు పట్టడం

పంపు బేరింగ్ మీద సెన్సర్ పెడితే రీడింగ్ (కంపన వేగం) సెకనుకు 7 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే చాలా ఎక్కువ. చెయ్యి ఆనించి చూస్తే పంపు నున్నగా తిరుగుతోంది. ఇలాంటప్పుడు బేరింగ్ విప్పే ముందు, సెన్సర్‌కూ కంప్యూటర్‌కూ మధ్యలో ఉన్న చిన్న డబ్బాను అనుమానించండి. సెన్సర్‌కు కరెంటు ఇచ్చి, దాని సిగ్నల్‌ను పెంచి, వడగట్టి ముందుకు పంపేది అదే. దాన్నే సిగ్నల్ కండిషనర్ అంటారు. ఒక్క చానల్‌ది సొంతంగా ఎలా కట్టుకోవాలో, కొన్నదైనా కట్టుకున్నదైనా ఎలా సరిచూసుకోవాలో, రీడింగ్ ఎక్కడెక్కడ చెడుతుందో వరసగా చూద్దాం. చేతిలో మామూలు మల్టీమీటర్ ఉంటే సగం పని అయినట్టే.

సెన్సర్ ఏ రకమో తేల్చుకోండి

యాంత్రిక కంపనం కొలిచే పీజో యాక్సెలరోమీటర్లు (అదిరితే చార్జ్ పుట్టించే క్రిస్టల్ ఉన్న సెన్సర్లు) రెండు రకాలు. మొదటిది ఐఈపీఈ. దీనిలోపలే చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్ ఉంటుంది. రెండు తీగల మీదే కరెంటూ సిగ్నలూ రెండూ నడుస్తాయి. ఐసీపీ అన్నా ఇదే, అది పీసీబీ పీజోట్రానిక్స్ వారి ట్రేడ్‌మార్కు పేరు. రెండోది చార్జ్ రకం. దీంట్లో క్రిస్టల్ తప్ప ఎలక్ట్రానిక్స్ ఉండవు కాబట్టి ఎక్కువ వేడి తట్టుకుంటుంది. మామూలు ఐఈపీఈ సెన్సర్‌కు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర హద్దు. ఆ పైన చార్జ్ రకమే దిక్కు.

సెన్సర్ ఒంటి మీద గానీ సర్టిఫికెట్‌లో గానీ "జీకి ఇన్ని మిల్లీవోల్టులు" అని ఉంటే ఐఈపీఈ, "జీకి ఇన్ని పీకో కూలంబులు" అని ఉంటే చార్జ్. జీ అంటే గురుత్వ త్వరణం, సెకను వర్గానికి 9.81 మీటర్లు. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనబడేది జీకి 100 మిల్లీవోల్టుల ఐఈపీఈ. కింద చెప్పేదంతా దాని గురించే, చార్జ్ రకం మాట చివర్లో.

రెండు పనులు మాత్రం పొరపాటున కూడా చెయ్యొద్దు. ఐఈపీఈ సెన్సర్‌ను నేరుగా 24 వోల్టుల సప్లైకి తగిలించకండి. కరెంటును ఆపేది ఏదీ లేకపోతే లోపలి ట్రాన్సిస్టర్ అక్కడికక్కడే పోతుంది. అలాగే ఇన్సులేషన్ చూద్దామని మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టకండి. మోటార్ వైండింగ్‌కు మెగ్గర్ పెట్టే అలవాటున్న ఎలక్ట్రీషియన్ చేతిలో సెన్సర్లు పోయేది ఇలాగే.

డబ్బా కట్టడం

ఐఈపీఈకి కావలసింది స్థిరమైన కరెంటు. 2 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా ఇవ్వచ్చు, మామూలుగా 4 ఇస్తారు. సప్లై 18 నుంచి 30 వోల్టుల మధ్య ఉండాలి. ఆ 4 మిల్లీ ఆంపియర్లు లోపలికి వెళ్తుంటే సెన్సర్ రెండు తీగల మధ్య 8 నుంచి 12 వోల్టులు నిలుస్తాయి. దీన్నే బయాస్ అంటారు. కంపనం వచ్చినప్పుడు ఆ బయాస్ మీద సిగ్నల్ పైకీ కిందికీ ఊగుతుంది.

కావలసిన సామాను: 9 వోల్టుల బ్యాటరీలు మూడు, బీసీ557 ట్రాన్సిస్టర్ ఒకటి, ఎర్ర ఎల్ఈడీ ఒకటి, రెసిస్టర్లు 270 ఓమ్, 1 కిలో ఓమ్, 2.2 కిలో ఓమ్, 4.7 కిలో ఓమ్, 1 మెగా ఓమ్ ఒక్కొక్కటి, 2.2 మైక్రోఫారడ్ 63 వోల్టుల పాలియెస్టర్ కెపాసిటర్ ఒకటి, 6.8 వోల్టుల జీనర్లు (వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే డయోడ్లు) రెండు, బీఎన్‌సీ సాకెట్లు (కోయాక్సియల్ కేబుల్ తగిలించేవి) రెండు, ఒక స్విచ్, ఒక లోహపు డబ్బా. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి.

బ్యాటరీలు రెండు చాలవా అనిపిస్తుంది. లెక్క చూడండి. రెండు కలిస్తే 18 వోల్టులు. సర్క్యూట్ తనకోసం దాదాపు 1.4 వోల్టులు ఉంచుకుంటుంది, మిగిలేది 16.6. సెన్సర్ బయాస్ 12 అయితే పైకి ఊగడానికి 4.6 వోల్టులే మిగిలాయి. 50 జీ వస్తే సిగ్నల్ 5 వోల్టులు ఊగాలి కదా, పై కొస తెగిపోతుంది. బ్యాటరీ కొంచెం దిగినకొద్దీ ఇంకా ముందే తెగుతుంది. మూడు పెడితే 27 వోల్టులు, ఒక్కొక్కటి 7కు దిగినా 21 ఉంటాయి.

ఇక తీగలు కలిపే వరస:

1. స్విచ్ దాటిన ప్లస్ నుంచి 270 ఓమ్ రెసిస్టర్‌ను బీసీ557 ఎమిటర్‌కు కలపండి.

2. అదే ప్లస్‌కు ఎల్ఈడీ పొడుగు కాలు, ట్రాన్సిస్టర్ బేస్‌కు పొట్టి కాలు. బేస్ నుంచి 4.7 కిలో ఓమ్ రెసిస్టర్‌ను మైనస్‌కు. ఎల్ఈడీ మీద దాదాపు 1.8 వోల్టులు నిలుస్తాయి, అందులో 0.65 ట్రాన్సిస్టర్ తింటుంది. మిగిలిన 1.15 వోల్టులు 270 ఓమ్ మీద పడి 4.3 మిల్లీ ఆంపియర్ల దగ్గర కరెంటు నిలబడుతుంది. ఆన్‌లో ఉందని తెలియడానికి వేరే లైటు అక్కర్లేదు.

3. కలెక్టర్‌ను సెన్సర్ బీఎన్‌సీ నడిమి పిన్‌కు, బీఎన్‌సీ ఒంటిని మైనస్‌కు.

4. కలెక్టర్ దగ్గర నుంచే కెపాసిటర్ తీసుకోండి. దాని అవతలి కాలు నుంచి 1 మెగా ఓమ్ మైనస్‌కు, 1 కిలో ఓమ్ అవుట్‌పుట్ బీఎన్‌సీ నడిమి పిన్‌కు. అవుట్‌పుట్ దగ్గర రెండు జీనర్లను ఎదురెదురుగా వరసలో కలిపి మైనస్‌కు వేయండి.

ఆ జీనర్లు దండగ అని వదిలేయకండి. సెన్సర్ ఊడి ఉన్నప్పుడు కెపాసిటర్ దాదాపు 26 వోల్టులకు నిండి ఉంటుంది. మీరు సెన్సర్ తగిలించగానే ఆ చివర 10కి పడుతుంది, ఆ 16 వోల్టుల దెబ్బ అవతలి చివర నుంచి నేరుగా మీ కొలిచే కార్డు (సిగ్నల్‌ను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇచ్చేది) మీద పడుతుంది. 5 వోల్టుల ఇన్‌పుట్‌కు ఇది ప్రాణాంతకమే.

కెపాసిటర్ విషయంలో పొదుపు పనికిరాదు. ఎలక్ట్రోలిటిక్ పెడితే దాని గుండా ఒక్క మైక్రో ఆంపియర్ కారినా 1 మెగా ఓమ్ మీద 1 వోల్టు తేడా కనబడుతుంది. సిరామిక్ పెడితే ఇంకో తంటా. ఎక్స్7ఆర్ లాంటి సిరామిక్ కూడా పీజో పదార్థమే, డబ్బా అదిరితే తనూ ఒక సిగ్నల్ పుట్టిస్తుంది. కంపనం కొలిచే పెట్టెలో కంపనానికి పాడే కెపాసిటర్ పెట్టుకోవడం ఎందుకు? పైగా 10 వోల్టుల డీసీ మీద పడితే దాని విలువ కూడా తగ్గిపోతుంది.

పెద్దది పెడితే మంచిదని 10 మైక్రోఫారడ్ కూడా వద్దు. 1 మెగా ఓమ్‌తో పాటు ఆసిలోస్కోప్‌దో కార్డుదో ఇంకో 1 మెగా ఓమ్ కలిస్తే అర మెగా ఓమ్ అవుతుంది. 2.2 మైక్రోఫారడ్‌తో టైమ్ కాన్‌స్టంట్ 1.1 సెకను. 0.16ను ఆ సెకన్లతో భాగిస్తే సిగ్నల్ 3 డెసిబెల్ (దాదాపు 30 శాతం) తగ్గే చోటు వస్తుంది, ఇక్కడ 0.15 హెర్ట్జ్. 0.5ను భాగిస్తే 5 శాతం తగ్గే చోటు, అంటే 0.45 హెర్ట్జ్. కుదురుకోవడానికి ఐదు టైమ్ కాన్‌స్టంట్లు, 6 సెకన్ల లోపే. 10 మైక్రోఫారడ్ పెడితే ఆ నిరీక్షణ 25 సెకన్లు. మెషీన్ చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచేవాడు అంతసేపు ఆగడు, ఆగకపోతే గీత ఇంకా దిగుతుండగానే రీడింగ్ తీసేస్తాడు.

కార్డు ఇన్‌పుట్ ఇంపిడెన్స్ మాత్రం చూసుకోండి. కంప్యూటర్ సౌండ్ కార్డులా 10 కిలో ఓమ్‌లే ఉంటే, అదే 2.2 మైక్రోఫారడ్ 7 హెర్ట్జ్ దగ్గరే కోసేస్తుంది. అలాంటప్పుడు మధ్యలో ఒక ఆప్‌ఆంప్ బఫర్ (సిగ్నల్‌ను పెంచకుండా అలాగే దాటించే యాంప్లిఫయర్) పెట్టక తప్పదు.

సెన్సర్ తగిలించే ముందు

సెన్సర్ బదులు 2.2 కిలో ఓమ్ రెసిస్టర్‌ను ఇన్‌పుట్‌కు తగిలించి స్విచ్ వేయండి. మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి దాని మీద వోల్టేజీ చూడండి. 9.4 వోల్టుల చుట్టుపక్కల రావాలి. దాన్ని 2.2తో భాగిస్తే మీ అసలు కరెంటు మిల్లీ ఆంపియర్లలో వచ్చేస్తుంది. 3.5 నుంచి 5 మధ్య ఏదైనా ఫర్వాలేదు. 20 వోల్టులు దాటి, ఎల్ఈడీ వెలగకపోతే అది తిరగబడింది. ఇంకేదైనా తేడాగా వస్తే ట్రాన్సిస్టర్ కాళ్లూ తీగలూ మళ్లీ చూసుకోండి.

ఆ రెసిస్టర్ అలాగే ఉండగా అవుట్‌పుట్‌ను కార్డుకు కలిపి ఒక నిమిషం రికార్డు చెయ్యండి. మెషీన్ లేదు, సెన్సర్ లేదు, కాబట్టి ఇప్పుడు తెర మీద కనబడేదంతా మీ డబ్బా సొంత నాయిజ్. ఆ ఫైలు దాచుకోండి. రేపు ఏదైనా అనుమానాస్పదమైన గీత కనబడితే ముందు దీంతో పోల్చాలి.

బయాస్ చూడకుండా రీడింగ్ తీయొద్దు

ఇప్పుడు సెన్సర్ తగిలించి, ఒక టీ కనెక్టర్ ద్వారా అదే చోట డీసీ వోల్టేజీ చూడండి. కొన్న కండిషనర్లలో దీనికి ముందువైపే చిన్న మీటరో మూడు రంగుల లైటో ఉంటుంది.

8 నుంచి 12 వోల్టులు ఉంటే సెన్సర్, కేబుల్, సప్లై మూడూ బాగున్నట్టే. సున్నా దగ్గర ఉంటే ఎక్కడో షార్ట్, ఎక్కువసార్లు కనెక్టర్‌లో సాల్డర్ వెంట్రుకో నీటి చుక్కో. సప్లై వోల్టేజీ అంతా కనబడితే సర్క్యూట్ తెగింది: కేబుల్ పోయింది, లేదా కనెక్టర్ వదులైంది. రెండు పిన్నుల పారిశ్రామిక కనెక్టర్ అయితే "A" అని ఉన్న పిన్ సిగ్నల్, "B" అని ఉన్న పిన్ గ్రౌండ్. తారుమారైతే బయాస్ నిలవదు.

ఇబ్బందంతా ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాటితోనే. బయాస్ 5 వోల్టులే ఉంది, లేదా ఒకసారి 9 ఒకసారి 7 అంటోంది. సెన్సర్ వేడెక్కి చెడింది, లేదంటే కనెక్టర్‌లో తేమ చేరింది. అప్పుడు కూడా సిగ్నల్ వస్తూనే ఉంటుంది, అందుకే జనం మోసపోతారు. కింది వైపు ఊగడానికి చోటు లేక అలలు సగం తెగుతాయి. స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత సిగ్నల్ ఉందో చూపే గీతల్లో) నిజానికి లేని హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల దగ్గరి గీతలు) వరసగా లేస్తాయి. అది చూసి "కప్లింగ్ మిస్‌అలైన్‌మెంట్" (మోటార్ షాఫ్టూ పంపు షాఫ్టూ ఒకే వరసలో లేవు) అని రిపోర్టు రాసేస్తారు.

మాగ్నెట్ బేస్‌ను ఠపీమని అంటిస్తే క్షణంపాటు వందల జీలు పడి యాంప్లిఫయర్ నిండిపోతుంది. మాగ్నెట్ అంచును ముందు ఆనించి, మెల్లగా దొర్లించి కూర్చోబెట్టండి. బయాస్ నిలకడగా నిలిచాకే రీడింగ్.

గెయిన్ లెక్క

పంపును నడిపే 1480 ఆర్‌పీఎం మోటార్ తీసుకుందాం. తిరిగే ఫ్రీక్వెన్సీ 24.67 హెర్ట్జ్. ఐఎస్ఓ 10816-3 ప్రమాణం (2022లో దీని స్థానంలో ఐఎస్ఓ 20816-3 వచ్చింది) ప్రకారం గట్టి పునాది మీద ఉన్న 15 నుంచి 300 కిలోవాట్ల మెషీన్‌కు సెకనుకు 2.8 మిల్లీమీటర్లు ఆర్ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) దాటితే ఎక్కువకాలం అలా నడపడం మంచిది కాదు. ఆ 2.8 అంతా తిరిగే ఫ్రీక్వెన్సీ దగ్గరే ఉందనుకుంటే యాక్సెలరేషన్ ఎంత? 2.8ను 6.28తో, 24.67తో గుణిస్తే సెకను వర్గానికి 434 మిల్లీమీటర్లు, అంటే 0.044 జీ. మన సెన్సర్ ఇచ్చేది 4.4 మిల్లీవోల్టులు, అంతే! ప్లస్ మైనస్ 5 వోల్టుల 16 బిట్ల కార్డులో ఒక్కో మెట్టు 0.15 మిల్లీవోల్టు. మీరు పట్టుకోవాల్సిన తేడా మొత్తం 29 మెట్లలో ఇమిడిపోయింది. అందుకే 10 రెట్ల గెయిన్ (సిగ్నల్‌ను పెంచడం) కావాలి, పైన కట్టిన డబ్బాలో అది లేదు.

కానీ అదే పంపులో కేవిటేషన్ (నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం) ఉంటే కొన్ని వేల హెర్ట్జ్‌ల దగ్గర 10 జీ పీకులు వస్తాయనుకోండి. 1 వోల్టు సిగ్నల్ 10 రెట్లయి 10 వోల్టులవుతుంది, కార్డు 5 దగ్గర కోసేస్తుంది. వెలాసిటీ మాత్రమే కావాలంటే గెయిన్ కంటే ముందే లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) ఉండాలి. బేరింగ్ కోసం పై ఫ్రీక్వెన్సీలూ కావాలంటే గెయిన్ తగ్గించి 24 బిట్ల కార్డు వాడండి. కొన్న కండిషనర్ అయితే ఫిల్టర్ గెయిన్‌కు ముందుందో వెనకుందో బ్లాక్ డయాగ్రమ్‌లో చూడండి. ఓవర్‌లోడ్ లైటు చివరి దశను మాత్రమే చూసే రకమైతే, లోపల తెగిన సిగ్నల్ ఫిల్టర్‌లో నున్నబడి బయటికి బుద్ధిమంతుడిలా వస్తుంది.

ఫిల్టర్లు

కార్డు సెకనుకు 4000 శాంపిళ్లు తీస్తుంటే, గేర్ల నుంచి వచ్చే 3900 హెర్ట్జ్ సిగ్నల్ తెర మీద 100 హెర్ట్జ్‌గా కనబడుతుంది. 50 హెర్ట్జ్ కరెంటున్న మన దగ్గర 100 హెర్ట్జ్ అంటే మోటార్‌లో ఎలక్ట్రికల్ లోపం అనుకుంటారు. ఈ దొంగ గీతను ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తీయలేదు. శాంపిలింగ్‌కు ముందే అనలాగ్ ఫిల్టర్ ఉండాలి. ఎనలైజర్లలో వాడుక, కొలవాల్సిన పై ఫ్రీక్వెన్సీకి 2.56 రెట్లు శాంపిలింగ్.

కింది వైపు ఇంకో ప్రమాదం. యాక్సెలరేషన్‌ను వెలాసిటీగా మార్చడమంటే ఫ్రీక్వెన్సీతో భాగించడమే కాబట్టి కింది ఫ్రీక్వెన్సీల నాయిజ్ ఉబ్బిపోతుంది. 50 హెర్ట్జ్ దగ్గర 1 మిల్లీవోల్టు నాయిజ్ సెకనుకు 0.3 మిల్లీమీటర్లుగా కనబడితే, 5 హెర్ట్జ్ దగ్గర అదే 1 మిల్లీవోల్టు 3.1 అవుతుంది. అంటే మంచి మెషీన్ కూడా హద్దు దాటేసింది. స్పెక్ట్రమ్ ఎడమ కొసన జారుడుబల్లలా దిగే వాలు కనబడితే అది ఇదే. మామూలు వేగాల మెషీన్లకు హై-పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) 10 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, పై హద్దు 1000. 600 ఆర్‌పీఎం కంటే మెల్లగా తిరిగేవాటికి 2 హెర్ట్జ్‌కు దించాలి. ఫిల్టర్ పెట్టాక కూడా వాలు పోకపోతే అది నాయిజ్ కాదు, పై ఫ్రీక్వెన్సీ దెబ్బలకు సెన్సర్ నిండిపోవడం. అప్పుడు తక్కువ సున్నితత్వం ఉన్న సెన్సర్ వాడాలి.

పొడుగు కేబుల్

సాధారణ కోయాక్సియల్ కేబుల్ మీటరుకు దాదాపు 100 పీకోఫారడ్లు. 100 మీటర్లకు 10,000. 5 వోల్టుల పూర్తి సిగ్నల్‌ను ఇంత కెపాసిటెన్స్‌లో ఊపాలంటే కరెంటు కావాలి. 2 మిల్లీ ఆంపియర్లతో దాదాపు 3.2 కిలోహెర్ట్జ్ దాకానే వెళ్తుంది, 4తో 9.5, 10తో 28 దాటుతుంది. సెన్సర్ తనకోసం 1 మిల్లీ ఆంపియర్ ఉంచుకుంటుంది కాబట్టి 2 నుంచి 4కు పెంచితే రెట్టింపు కాదు, మూడు రెట్లు లాభం. సిగ్నల్ చిన్నదైతే ఈ హద్దు అంత తొందరగా రాదు. అయినా కరెంటును ఊరికే 20కి తిప్పకండి. సెన్సర్ వేడెక్కుతుంది, వేడి చోట ఉన్నదైతే దాని ఆయుష్షు తగ్గుతుంది.

50 హెర్ట్జ్ హమ్

రెండు పోళ్ల మోటార్ 2980 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది, అంటే 49.67 హెర్ట్జ్. దాని అన్‌బ్యాలెన్స్ గీతా, కరెంటు హమ్ గీతా పక్కపక్కనే, మూడో వంతు హెర్ట్జ్ తేడాతో ఉంటాయి. 1 హెర్ట్జ్ రిజల్యూషన్‌తో చూస్తే రెండూ ఒకటే. 0.1 హెర్ట్జ్‌కన్నా సన్నగా పెట్టి చూడండి, అందుకు కనీసం 10 సెకన్ల రికార్డింగ్ కావాలి.

హమ్ వస్తోందని తేలితే కారణం ఎక్కువసార్లు గ్రౌండ్ లూప్. సెన్సర్ ఒళ్లు మోటార్ బాడీకి, కండిషనర్ సాకెట్ ఎర్త్‌కు, రెండు ఎర్త్‌ల మధ్య తేడా మీ సిగ్నల్ తీగలో ప్రవహిస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ ఊడదీసి చూడండి. హమ్ ఠక్కున పడిపోతే దొంగ దొరికినట్టే. సెన్సర్ కింద ఇన్సులేటింగ్ ప్యాడ్ వేయడమో, ఒళ్లు విడిగా ఉండే సెన్సర్ వాడడమో, కండిషనర్‌ను బ్యాటరీ మీద నడపడమో చెయ్యండి. షీల్డును కండిషనర్ వైపు ఒక్క చోటే ఎర్త్ చెయ్యండి. ప్లగ్గు ఎర్త్ పిన్ విరిచేసే చిట్కా మాత్రం వద్దు, హమ్‌తో పాటు మనిషీ పోతాడు.

కేబుల్‌ను వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) కేబుళ్లతో కలిపి కట్టకండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

క్యాలిబ్రేషన్

చేతిలో పట్టుకునే షేకర్ క్యాలిబ్రేటర్లు 159.2 హెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. ఆ అంకె వింతగా కనబడుతుంది గానీ 6.28తో గుణిస్తే దాదాపు 1000 వస్తుంది. అందుకే 1 జీ ఆర్ఎంఎస్ ఇస్తే యాక్సెలరేషన్ సెకను వర్గానికి 9.81 మీటర్లు, వెలాసిటీ సెకనుకు 9.81 మిల్లీమీటర్లు, డిస్‌ప్లేస్‌మెంట్ 9.81 మైక్రాన్లు. మూడు చోట్లా ఒకే అంకె. మీ తెర వెలాసిటీ 13.87 అంటే అది ఆర్ఎంఎస్ కాదు, పీక్ చూపిస్తోంది. డిస్‌ప్లేస్‌మెంట్ 27.7 అంటే పీక్ టు పీక్. గెయిన్ 10 దగ్గర పెట్టి సాఫ్ట్‌వేర్‌లో 1 అని వదిలేస్తే 98.1 వస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో 100 అని గుండుగుత్తగా రాయకండి. పారిశ్రామిక సెన్సర్లలో 10 శాతం అటూ ఇటూ మామూలే, సర్టిఫికెట్‌లో ఉన్న అంకె రాయండి. క్యాలిబ్రేటర్ లేకపోతే, నమ్మకమైన ఇంకో సెన్సర్‌ను అదే చోట, అదే బిగింపుతో పెట్టి పోల్చండి. తలకిందులు చేసి 1 జీ చూసే పద్ధతి ఇక్కడ పనిచేయదు, ఐఈపీఈకి డీసీ కనబడదు.

చార్జ్ రకం అయితే

చార్జ్ యాంప్లిఫయర్‌కు స్విట్జర్లాండ్‌లో వాల్టర్ కిస్ట్లర్ 1950లో పేటెంట్ తీసుకున్నారు. సూత్రం ఇప్పటికీ అదే: వచ్చిన చార్జ్‌ను ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ విలువతో భాగిస్తే అవుట్‌పుట్ వోల్టేజీ. 1 నానోఫారడ్ ఉంటే జీకి 10 పీకో కూలంబుల సెన్సర్ 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. కేబుల్ పొడవు మారినా గెయిన్ మారకపోవడం దీని సుగుణం. కానీ నాయిజ్ మారుతుంది. 10 మీటర్ల కేబుల్ కూడా మరో నానోఫారడే కాబట్టి ఆప్‌ఆంప్ నాయిజ్ రెట్టింపు అవుతుంది. అందుకే కన్వర్టర్‌ను వేడికి దూరంగా, సెన్సర్‌కు వీలైనంత దగ్గరగా పెట్టాలి. లైన్‌లో పెట్టే చిన్న చార్జ్ కన్వర్టర్లు మీ ఐఈపీఈ డబ్బాతోనే నడుస్తాయి.

ఇక్కడ మామూలు కోయాక్సియల్ కేబుల్ వాడితే, అది కదిలినప్పుడల్లా లోపలి పొరలు రాసుకుని చార్జ్ పుడుతుంది. గ్రాఫైట్ పూత ఉన్న లో-నాయిజ్ కేబుల్ తీసుకుని, సెన్సర్ నుంచి కొన్ని సెంటీమీటర్లలోనే టేపుతో మెషీన్‌కు అంటించండి. కనెక్టర్ నడిమి పిన్‌ను వేలితో ముట్టుకోవద్దు. చెమట ఉప్పు చాలు ఇన్సులేషన్ పడిపోవడానికి, ఆ తర్వాత బేస్‌లైన్ ఎటో తేలిపోతుంటుంది. ముట్టుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి మళ్లీ బిగించండి.